మనోళ్లయితే ముందుగాల్నే రాస్తరు

పోయిన ఆదివారం భాగంలో దళిత స్త్రీల ఆత్మకథల మీద రాశాను. అది చదివి యూనివర్సిటీ పిల్లలు తమ స్టడీ సర్కిల్‌కి పిలిచారు. అంతా అయిపోయాక ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, నీకు చదువు మీద యావ పుట్టించిన మొదటి నవల ఏది?" 'సెక్రటరీ' అన్నాను. యద్దనపూడి సులోచనారాణి రాసిన 'సెక్రటరీ'. కొందరు జోక్ అనుకొని నవ్వారు. వెనక కూర్చున్న ఒక పెద్ద కామ్రేడ్ మాత్రం నవ్వలేదు, బాధపడ్డాడు. "ఇన్నేండ్లు ఉద్యమంల ఉండి ఇంకా ఆ కార్ల హీరోలేనా అమ్మా?" అన్నాడు.

అవును, ఇంకా ఆ కార్ల హీరోలే. ఈ వారం వాళ్ల గురించే.

మాది నల్లగొండ జిల్లా. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎస్సీ బాలికల హాస్టల్‌లో చదివాను. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకు రూపాయి. ఒక్కదానికి రూపాయి భారం కాబట్టి ఐదుగురం కలిసి తెచ్చేవాళ్లం. ఒకతి చదువుతుంటే మిగతా నలుగురం వినాలి. అట్టలూడిపోయి, మైదాపిండితో అతికించిన పుస్తకాలు. చాలావాటికి చివరి పేజీలు ఉండేవి కాదు. ముగింపు మేమే చెప్పుకునేవాళ్లం. మాలో ఒకామె ప్రతి కథలోనూ హీరోని మా హాస్టల్ గేటు దగ్గరికే తీసుకొచ్చేది. ఆయన కారు దిగి, లోపలికొచ్చి, మాతోపాటు కింద కూర్చొని, మా నీళ్లచారు తిని, బాగుంది అనేవాడు. అంత పెద్ద అబద్ధం ఆడగలిగాడంటే ప్రేమ గట్టిదేనని తీర్పు చెప్పేవాళ్లం.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకు చదివి వినిపించేదాన్ని. అమ్మకు అక్షరాలు రావు. రాత్రిపూట కూలికి తెచ్చిన చింతపండు గింజలు తీసుకుంటూ వినేది. మర్నాడు నాట్లల్లో ఆ కథను తోటి ఆడవాళ్లకు చెప్పేది. చేతులు మారిన కొద్దీ కారు కొంచెం పెద్దదయ్యేది. ఒకరోజు మధ్యలో ఆపి అడిగింది: "గా పిల్ల ఎవలోళ్ల పిల్ల బిడ్డా?"

జయంతి ఎవరి పిల్ల? నేను నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చూశాను. "రాయలేదమ్మా" అన్నాను.

"రాయలేదంటే మనోళ్లు గాదు తియ్. మనోళ్లయితే ముందుగాల్నే రాస్తరు." ఆ మాట అని, ఒక గింజ తీసి పక్కనేసి, "సరే సదువు. ఆయనొచ్చిండా లేదా?" అన్నది.

తర్వాత పీజీలో సాహిత్య విమర్శ చాలా చదివాను. అమ్మ చెప్పినంత తక్కువ మాటల్లో తెలుగు నవల సంగతి తేల్చిన వాళ్లు నాకు దొరకలేదు. కులం రాయని చోట ఏ కులం ఉంటుందో కూలికి పోయే మనిషికి తెలుసు. దాంతోపాటు ఆమె రెండో మాటను కూడా నేను వదలను. ఆ పిల్ల మనది కాదని తెలిసి కూడా ఆయనొచ్చాడా లేదా అనేది ఆమెకు కావాలి. ప్రేమ కథలతో నా సంబంధం ఇప్పటికీ ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

యద్దనపూడి 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు. 'సెక్రటరీ' 60ల్లో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. ఆమె నవలల మీద విమర్శ అందరికీ తెలిసిందే. ఆడపిల్లలకు పగటి కలలు నేర్పారని, ఆరడుగుల అందగాడు వచ్చి ఉద్ధరిస్తాడని నమ్మించారని అంటారు. అందులో నిజం లేకపోలేదు. నాకు వాటిలో ఇంకో పేచీ ఉంది. ఆ హీరోయిన్ల పేదరికం చితికిపోయిన ఇంటి పేదరికం. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం అనే నీడ వెనక ఎక్కడో ఉంటుంది. మా పేదరికానికి వెనక అట్లాంటి నీడేమీ లేదు. ముత్తాత కాలం దాకా తవ్వినా అదే గుడిసె, అదే వెట్టి.

అయినా ఆ నవలలు హాస్టల్ పిల్లలకు ఒకటి ఇచ్చాయి. హీరోయిన్ మనసు నొచ్చుకుంటే కథ ఆగిపోతుంది. ఆమెకు ఆత్మాభిమానం అనేది ఒకటుంటుంది, దాన్ని దాటి హీరో అడుగు వేయలేడు. ఎంత పెద్ద కారున్నా సరే, ఆమె ఒప్పుకునేదాకా గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. ఆ గుమ్మం దగ్గర నిలబడటం మాకెంత కొత్తో చెప్తే ఇప్పటి పిల్లలకు అర్థం కాకపోవచ్చు. మా వాడ ఆడవాళ్ల గురించి మేం విన్న కథల్లో ఎవడూ గుమ్మం దగ్గర ఆగలేదు. దొర కొడుకు ఆగలేదు, పట్వారీ ఆగలేదు. మా గురించి జాలిపడి రాసిన పెద్ద పెద్ద రచయితల కథల్లో కూడా వాడ ఆడపిల్ల కనిపించిందంటే నాలుగో పేజీలో చెరకుతోటలో ఆమెకు ఏం జరగబోతుందో మాకు ముందే తెలిసిపోయేది. 'ఆత్మగౌరవం' అనే మాట నేను ఉద్యమంలో నేర్చుకున్నాను. అంతకు నాలుగైదేళ్ల ముందే 'ఆత్మాభిమానం' అనే మాట అద్దె నవలలో దొరికింది. రెండూ ఒకటి కాదు, తెలుసు. కానీ మొదటిది తెలిసి ఉండటం వల్ల రెండోది తొందరగా ఎక్కింది.

సరే, మరి మన కులం ముందుగానే రాసిన కథలు ఎట్లా ఉన్నాయి?

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది, ప్రభుత్వం నిషేధించింది. అందరూ సంగదాసు గురించి మాట్లాడతారు. నేను జ్యోతి, అప్పాదాసుల కోసం చదివాను. వాడలో ఇద్దరు పిల్లలు ఒకరినొకరు ఇష్టపడటం అంత పెద్ద నవలలో ఉండటమే నాకు అబ్బురం. కానీ ఆ ప్రేమ ఒడ్డుకు చేరదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. కథ చలం రాశాడు, కాంచనమాల వేసింది. బ్రాహ్మణ పిల్లవాడు మాలపిల్లను ప్రేమిస్తాడు. ఆ కాలానికి అది పెద్ద ధైర్యమే, కాదనను. కాకపోతే అక్కడ ఆ పిల్ల ప్రేమ అగ్రహారం మనసు మార్చడానికి పనికొస్తుంది. ఆమెకు ఆ అబ్బాయిలో ఏం నచ్చిందో అడిగే తీరిక ఆ సంస్కరణకు లేదు.

రంగనాయకమ్మ 'బలిపీఠం' ఇంకో తీరు. హరిజనుడైన భాస్కర్, బ్రాహ్మణ వితంతువు అరుణ పెళ్లి చేసుకుంటారు. పెళ్లితో కథ అయిపోలేదని, కులం వంటింట్లో, మంచం దగ్గర, చుట్టాల రాకపోకల్లో బతికే ఉంటుందని చూపించిన నవల అది. 1975లో శోభన్ బాబు, శారద సినిమా కూడా చేశారు. ఆ నవలంటే నాకు గౌరవం. భాస్కర్‌తోనే నాకు తంటా. మంచివాడు, మరీ మంచివాడు. దళితుడు హీరో కావాలంటే ఇంత ఓర్పు ఉండాలా అనిపించేది. రాజశేఖరానికి పొగరుంటుంది, అలుగుతాడు, మాట పడడు, అందుకే కదా మా హాస్టల్ అంతా ఆయన మీద పడి చచ్చేది! మా భాస్కర్‌కు ఆ వైభోగం లేదు. ఆయన తన జాతి మొత్తానికి క్యారెక్టర్ సర్టిఫికెట్ మోసుకొని తిరగాలి. సర్టిఫికెట్ మోసేవాడిని చూసి ఎవరి గుండె కొట్టుకుంటుంది?

అరుంధతీ రాయ్ 'ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్' 1997లో వచ్చింది. వెలుతను అట్లా సర్టిఫికెట్ లేకుండా రాసినందుకు ఆమెకు నేను రుణపడి ఉంటాను. చేతిలో పనితనం ఉన్నవాడు, ఒంటిమీద నమ్మకం ఉన్నవాడు. అతన్ని అమ్ము చూసే చూపులో జాలి లేదు. పోలీసులు అతన్ని ఏం చేశారో మనం ముందే చదివేస్తాం. చివరి అధ్యాయంలో మాత్రం అతను బతికే ఉంటాడు, నదిలో ఉంటాడు, ఆమె దగ్గరికి వస్తాడు. నేను ఆ పుస్తకం రెండోసారి తీసినప్పుడల్లా పోలీసుల పేజీలు దాటేసి ఆ చివరికి పోతాను. 'సైరాట్' కూడా అంతే. 2016లో చూశాను. పర్ష్యా, ఆర్చీ మహారాష్ట్ర నుంచి పారిపోయి వచ్చేది మన హైదరాబాద్‌కే. ఆమె బాటిళ్ల ఫ్యాక్టరీలో పనికి పోతుంది, దోసెలు పోసే ఆమె వాళ్లకు ఆసరా ఇస్తుంది, ఇద్దరూ కొట్లాడుకుంటారు, మళ్లీ కలుస్తారు. ఆ ఇరుకు గది సీన్లు నాకు ఇష్టం. చివరి పది నిమిషాలు మళ్లీ చూడలేదు, చూడను.

ఆ పెద్ద కామ్రేడ్ అడగాల్సింది నన్నిదీ: అవి దాటేస్తే నిజం దాటేసినట్టు కాదా?

2018 మే నెలలో యద్దనపూడి కాలిఫోర్నియాలో చనిపోయారు. ఆ వారమంతా పత్రికలు ఆమెను ప్రణయ నవలల రాణి అని రాశాయి. నాలుగు నెలలకు, సెప్టెంబర్ 14న, మా జిల్లా మిర్యాలగూడలో కడుపుతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న అబ్బాయిని పట్టపగలు నరికి చంపించారు. అతని పేరు ప్రణయ్. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పు రావడానికి ఆరున్నర ఏళ్లు పట్టింది. ఆ రోజుల్లో ఊర్లు తిరిగినప్పుడు ఒకటి గమనించాను. ఆడపిల్లల తల్లులు భయపడటం లోకమంతా ఉంది. మా వాడల్లో మగపిల్లల తల్లులు భయపడుతున్నారు. కాలేజీకి పోయే కొడుకు ఫోను పట్టుకొని నవ్వుతుంటే తల్లి ముఖం మాడిపోతుంది. "ఎవలోళ్ల పిల్లరా?" అని అడుగుతుంది. మా అమ్మ నన్నడిగిన ప్రశ్నే, మరో గొంతుతో.

ఇట్లాంటి హత్యను చేయించేవాళ్లు ఒక మనిషిని చంపి ఊరుకోరు. దాన్ని పదిమంది చూడాలనుకుంటారు. పట్టపగలు చేసేది అందుకే. ప్రేమిస్తే ఇదే గతి అని వాడ వాడకూ తెలియాలి. అది వాళ్ల రాత. ఇప్పుడు మన కథలు, మన సినిమాలు కూడా ప్రతిసారీ అదే చోట ఆగితే ఆ రాతనే మనం మళ్లీ మళ్లీ చదివిస్తున్నామేమో. ఆ చావుల గురించి రాయొద్దని నేను అనను. రాయాలి, పేర్లతో సహా రాయాలి. కారంచేడు, చుండూరు మర్చిపోతే మనం మనం కాదు. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ప్రేమ గురించి మనం ఇచ్చే ప్రతి పుస్తకంలో వాడి శవమే ఉంటే, వాడు ఇంకే పుస్తకం ముట్టుకుంటాడు? సుఖాంతం అబద్ధమని అనేవాళ్లు ఒకసారి ఉప్పల్, బోడుప్పల్ వైపు రండి. కులాంతరం చేసుకొని, ఐదేళ్లు అత్తగారింటి గడప తొక్కకుండా, ఈఎంఐలు కట్టుకుంటూ, ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అని పోట్లాడుకుంటూ బతుకుతున్న జంటలు నాకు తెలిసినవే పదిహేను దాకా ఉన్నాయి. వాళ్లదీ నిజమే. వాళ్లను పత్రికలు రాయవు, ఎందుకంటే వాళ్లింకా బతికున్నారు.

మన ఉద్యమానికి ప్రేమతో ఒక మొహమాటం ఉంది. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ కులాంతర వివాహమే అసలు మందు అన్నాడు. మనం ఆ మాటను మందులాగే మింగుతున్నాం, చేదుగా, టైముకు. ఆదర్శ వివాహాలు ఎన్ని చూశానో. దండలు మార్చుకోవడం రెండు నిమిషాలు, వక్తలు రెండు గంటలు. ఫూలే, సావిత్రీబాయి, పెరియార్ అందరూ వస్తారు. స్టేజీ మీద ఆ ఇద్దరూ ఒకరినొకరు దొంగచూపులు చూసుకుంటున్నారా లేదా అని నేనొక్కదాన్నే చూస్తుంటాను. రమాబాయి గురించి కూడా మనం త్యాగం అనే ఒక్క మాటలో చెప్పి ముగిస్తాం. అంబేద్కర్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆమె జ్ఞాపకానికి అంకితం ఇచ్చాడు, అందులో ఆమెను రాము అని ఇంటి పేరుతో పిలిచాడు. దేశ విభజన మీద లెక్కలు, పటాలతో నిండిన పుస్తకం మొదటి పేజీలో ఆ చిన్న పిలుపు. స్టడీ సర్కిళ్లలో ఆ పేజీ తిప్పేసి లోపలికి పోతాం.

అమెరికా నల్లవాళ్ల నుంచి మనం చాలా తెచ్చుకున్నాం. 1972లో బొంబాయిలో పాంథర్స్ పేరు తెచ్చుకున్నాం. వాళ్ల కవిత్వం, ఆత్మకథలు అనువదించుకున్నాం. వాళ్ల ప్రేమ నవలలు మాత్రం తెచ్చుకోలేదు. 1980లో ఎల్సీ వాషింగ్టన్ అనే నల్లజాతి జర్నలిస్టు రోజలిండ్ వెల్స్ అనే కలం పేరుతో 'ఎంట్వైన్డ్ డెస్టినీస్' రాసింది. డెల్ ప్రచురణ సంస్థ క్యాండిల్‌లైట్ సిరీస్‌లో, అచ్చం మన అద్దె పుస్తకాల కొట్టులో దొరికే రకం చవక ప్రేమ నవల. అందులో హీరో, హీరోయిన్ ఇద్దరూ నల్లవాళ్లే. దాన్ని వేయించిన సంపాదకురాలు వివియన్ స్టీఫెన్స్ కూడా నల్లజాతి ఆమే. 1994లో బెవర్లీ జెంకిన్స్ 'నైట్ సాంగ్' వచ్చింది. బానిసత్వం పోయిన తర్వాతి కాలం, కాన్సాస్‌లో నల్లవాళ్ల ఊరు, అక్కడి బడిపంతులమ్మ, గుర్రపు దళంలో సిపాయి. చరిత్ర అంతా ఉంటుంది, తెల్లవాళ్ల దౌర్జన్యం ఉంటుంది, చివరికి వాళ్లిద్దరూ కలిసి బతుకుతారు. అంత రక్తం చూసిన జాతి, ఈ ఇద్దరూ కలుస్తారని చదివేవాళ్లకు ముందే మాట ఇచ్చే నవలలు రాసుకుంది. దానివల్ల వాళ్ల పోరాటం పలచబడిందని నాకైతే ఎవరూ చెప్పలేదు.

మనకు అసలే లేవని కాదు. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. దాన్ని అందరూ చరిత్ర అంటారు, తరాల పోరాటం అంటారు. నిజమే. నాకు అది రూతు తన రూబేనును తలుచుకోవడం. ఎల్లన్నకు పాట వచ్చు, సుభద్రకు నీళ్ల కోసం పలుగు పట్టుకొని నిలబడటం వచ్చు, ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో చెప్పడానికి రచయిత సిగ్గుపడలేదు. వాడలోనే పుట్టిన ప్రేమ, ఎవరినీ మార్చడానికి పుట్టనిది.

నేను చదవాలనుకుంటున్న నవల ఇంకోటి ఉంది. ఒక మాదిగ పిల్ల, ఒక మాల పిల్లవాడు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రాత్రి ఆ ఇద్దరూ ఫోనులో ఏం మాట్లాడుకున్నారు? ఒకరింట్లో డప్పు కొడుతుంటే ఇంకొకరింట్లో టీవీ కట్టేశారు. ఎవరు ముందు మెసేజ్ పెట్టారు? పెట్టకుండా ఎంతసేపు ఆగారు? ఇది రాసే ధైర్యం మనలో ఎవరికుంది? దొరను తిట్టడం కంటే ఇది కష్టం.

మా ఇంట్లో ఆ కథ సగం జరిగింది కాబట్టి అడుగుతున్నాను. నేను మాదిగ, ఆయన మాల. మా అత్త మొదటి ఏడాది మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. కారణం చెప్పేది కాదు, దాహం లేదనేది. ఎండాకాలంలో కూడా దాహం లేదనేది. రెండో ఏడాది మా అమ్మ చేసిన ఎండుచేపల పులుసు వాసనకు ఆగలేక గిన్నె ముందుకు జరిపింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ చావలేదు కూడా, అందుకే ఇది ఇంతవరకు ఎక్కడా అచ్చు కాలేదు.

పెళ్లికి ముందు ఆయన నా దగ్గర 'అంటరాని వసంతం' తీసుకొని రెండు నెలలు ఇవ్వలేదు. అప్పట్లో మేమిద్దరం ఒకే సంఘంలో పని చేస్తున్నాం, "కామ్రేడ్" అని తప్ప పేరు పెట్టి పిలుచుకోలేదు. పుస్తకం వాపసు వచ్చాక చూస్తే అక్కడక్కడా పెన్సిల్ గీతలున్నాయి. సంఘంలో అందరూ గీసే చోట్లు నాకు తెలుసు: కరువు, మతం మారడం, కూలి పోరాటం. ఆయన అవన్నీ వదిలేసి ఎల్లన్న, సుభద్రల పేజీల్లో మాత్రమే గీశాడు. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఆ గీతలున్న లైన్లు మాత్రం వరసగా చదువుకున్నాను. మర్నాడు మీటింగ్‌లో "పుస్తకం ఎట్లుంది కామ్రేడ్?" అని అడిగితే "చారిత్రక భౌతికవాద దృక్పథం బాగుంది" అన్నాడు.

వచ్చే ఆదివారం హాస్టల్ లైబ్రరీల సంగతి రాస్తాను. జై భీమ్.